అరవైకి సున్నా

వేదిక మీది పెద్దలకూ, వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న కుర్రాళ్లకూ నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన టైం అందులోనే అయిపోతుంది, ఏమీ అనుకోకండి.

నన్ను మారిషస్ తెలుగువాళ్ల సంస్కృతి మీద మాట్లాడమన్నారు. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది, కోరంగి రేవులో ఓడెక్కి వెళ్లిన కూలీల మునిమనవలు ఇప్పటికీ రామభజన చేస్తారు, అదంతా నిజమే, కానీ ఆ ముక్క ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు కదా. నేను ఎన్నికల గురించి మాట్లాడతాను. ఎందుకంటే ఆ దేశం పేరెత్తితే చాలు, మనవాళ్లు అడిగేది ఒకటే: "మాస్టారూ, మంత్రుల్లో మనవాళ్లు ఎంతమంది?"

వినండి. ప్రధాన దీవిలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురేసి సభ్యులు. ఓటరు బ్యాలెట్ మీద మూడు ఓట్లు వేయాలి. చాలామంది ఒకే కూటమికి మూడూ వేసేస్తారు. అందుకే గాలి మళ్లిందంటే సీట్లన్నీ ఊడ్చుకుపోతాయి. రోడ్రిగ్స్ దీవిలోని 2 సీట్లు పక్కన పెడితే 1982లో 60కి 60 ప్రతిపక్షానికే వెళ్లాయి. స్వాతంత్ర్యం తెచ్చిన శివసాగర్ రాంగులామ్ సొంత సీటే పోయింది! 1995లో మళ్లీ అదే. 2024 నవంబరులోనూ అదే. ప్రధాని ప్రవింద్ జగన్నాథ్ కూడా ఓడిపోయాడు. ఫోన్ సంభాషణలు బయటపడి రచ్చవుతుంటే ఎన్నికల ముందు సోషల్ మీడియాను ఆపేయమని ఆదేశించారు, జనం మండిపడేసరికి వెంటనే వెనక్కి తగ్గారు. ఓడిన కూటమికి పావు వంతుకు పైగా ఓట్లు పడ్డాయి, సీట్లు మాత్రం సున్నా. చివరికి ప్రతిపక్ష నాయకుడు సభలోకి వచ్చింది కూడా 'బెస్ట్ లూజర్' కోటాలోనే.

ఆ కోటా సంగతి చెప్పాలి, నా గొడవంతా అక్కడే. అభ్యర్థి నామినేషన్‌లో తన వర్గం రాయాలి: హిందూ, ముస్లిం, చైనీయులు, వీళ్లెవరూ కానివాళ్లందరికీ 'జనరల్ పాపులేషన్'. సభలో ఏ వర్గానికి ఎంతమంది తగ్గారో చూసి, ఓడినవాళ్లలోంచి 8 మంది దాకా తీసుకుంటారు. ఆ లెక్కకు ఇప్పటికీ 1972 జనాభా లెక్కలే ఆధారం! తెలుగువాడికి అందులో వేరే గడి లేదు, హిందూలోనే కలిపేస్తారు. కానీ టికెట్లిచ్చేటప్పుడు పార్టీలు తెలుగు, తమిళం, మరాఠీ అని వేళ్లు మడిచి లెక్కేస్తాయి. మనం ఇక్కడ అడిగే ప్రశ్న కూడా సరిగ్గా అదే. సిగ్గుగా లేదా అండీ మనకి?

ఇంకో మాట. 1968 నుంచి ప్రధానులు రాంగులామ్ తండ్రీకొడుకులు, జగన్నాథ్ తండ్రీకొడుకులు, మధ్యలో పాల్ బెరాంజే, అంతే. 2017లో అయితే ఎన్నికే లేకుండా తండ్రి అనిరుద్ జగన్నాథ్ దిగి కొడుకు ప్రవింద్‌ను కూర్చోబెట్టాడు.

మరి 60కి 60 గెలిచినవాళ్లు హాయిగా ఏలారా? ఎదుట ప్రతిపక్షం లేకపోతే లోపలే పుడుతుంది. 1982 కూటమి ఏడాది తిరక్కుండానే చీలింది, అప్పటి ప్రధాని అనిరుద్ జగన్నాథ్ కొత్త పార్టీ పెట్టుకుని 1983 ఆగస్టులో మళ్లీ ఎన్నికలకు వెళ్లి గెలిచాడు. 1995 జంట 1997లో విడిపోయింది. 2024లో శివసాగర్ కొడుకు నవీన్ రాంగులామ్, బెరాంజే మళ్లీ జట్టుకట్టే గెలిచారు; 1995లోనూ వీళ్లిద్దరే!

టైమైందని సభాధ్యక్షులవారు చీటీ పంపారు. మారిషస్ బ్రిటన్‌తో దశాబ్దాలుగా తగవులాడిన చాగోస్ దీవుల సంగతి ఎత్తనే లేదు, ఎవరైనా అడిగితే చెబుతాను.