ఆటపెట్టెకు ఆయువు ఎక్కడుంది?

శ్రోతలకు నమస్కారం. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో నేను వెళ్లే ఒక మరమ్మతు దుకాణంలో, బల్ల కింద రెండు వీడియో గేమ్ పెట్టెలు ఉన్నాయి. ఒకటి తొంభయ్యో దశకంలో పిల్లలు క్యాసెట్ గుచ్చి ఆడుకున్నది. ప్లాస్టిక్ పసుపుబారినా, టీవీకి తగిలిస్తే ఈనాటికీ బొమ్మ పడుతుంది. రెండోది దానికంటే వయసులో చిన్నది, ఖరీదులో ఎన్నో రెట్లు పెద్దది, అయినా ఉలుకూ పలుకూ లేదు.

పాతవాళ్లు గట్టిగా చేసేవారని మనం తేల్చేస్తాం గానీ, అది సగం నిజమే. ఆ పాత పెట్టెలో తిరిగే ఫ్యాను లేదు, డిస్కు లేదు, మోటారు లేదు. చిప్పు వేడెక్కేదీ కొద్దిగానే. మన ఊళ్లకు వచ్చినవి చాలావరకు 1983లో జపాన్ సంస్థ నింటెండో తెచ్చిన ఆటపెట్టె ఫ్యామికామ్‌కు నకళ్లు. వాటిలో క్యాసెట్‌ను పైనుంచి నిలువుగా గుచ్చాలి. అదే నింటెండో 1985లో అమెరికాకు పంపిన పెట్టెలో క్యాసెట్‌ను ముందునుంచి తోసి కిందికి నొక్కే ఏర్పాటు పెట్టారు. నొక్కగా నొక్కగా పిన్నులు వదులై, తెర మిణుకుమిణుకుమనేది. ఆడకపోతే క్యాసెట్‌లో ఊదడం అందరం చేసిన పనే. ఊపిరిలోని తేమ లోహాన్ని తినేస్తుందని నింటెండోయే వద్దని చెప్పింది. నిజానికి పనిచేసింది మన ఊపిరి కాదు, తీసి మళ్లీ గుచ్చడం.

వేడి అసలు శత్రువని 2005లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఆటపెట్టె ఎక్స్‌బాక్స్ 360 చూపింది. మూడు ఎర్ర దీపాలు వెలిగి పెట్టెలు మూగబోతుంటే, 2007లో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచి, వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టవలసి వచ్చింది. ఆడినప్పుడల్లా వేడెక్కి, ఆపినప్పుడల్లా చల్లారి, ఆ సాగుడూ ముడుచుకోవడాల మధ్య చిప్పు లోపలి సన్నని అతుకులు పగిలిపోయాయి. పెట్టెకు తువ్వాలు చుట్టి మరింత వేడి చేసి బతికించుకున్నవారూ ఉన్నారు; ఆ బతుకు కొన్నాళ్లదే.

కళింగపట్నం వైపు ఇళ్లలో దీనికి ఉప్పుగాలి తోడవుతుంది. మొన్న ఆ మరమ్మతుదారు నా ఎదుటే అటునుంచి వచ్చిన ఒక పెట్టె మూత విప్పారు. ఫ్యాను రెక్కలకు దుమ్ము, చెమ్మ కలిసి తడి దూదిలా అంటుకుని ఉంది. చిప్పు మీద వేడిని లాగవలసిన పేస్టు, డబ్బాలో మరిచిపోయిన తమలపాకు సున్నంలా పెళుసుబారి రాలింది. తుడిచి, కొత్త పేస్టు రాసి మూశారు, అరగంట పని.

చేతిలోని జాయ్‌స్టిక్ మాటకొస్తే నాకు కోపమే వస్తుంది. అందులో కార్బన్ పూత మీద ఒక లోహపు ముల్లు రాసుకుంటూ తిరుగుతుంది. పూత అరిగితే చేయి వేయకపోయినా బొమ్మ పక్కకు జరుగుతుంది. రాపిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసే పద్ధతిని సెగా సంస్థ 1998లోనే తన ఆటపెట్టె డ్రీమ్‌కాస్ట్‌లో వాడింది. అయినా పెద్ద సంస్థలు ఆ తరువాత చాలాకాలం అరిగేదాన్నే ఎంచుకున్నాయి.

దుకాణం నుంచి బయలుదేరుతుండగా ఆ పెట్టె యజమానురాలు వచ్చారు. దుమ్ము పడకుండా ఎప్పుడూ దానిమీద కుట్టుపువ్వుల గుడ్డ కప్పే ఉంచుతామని ఆమె చెప్పారు. "ఆడుతున్నప్పుడు కూడానా అమ్మా?" అని మరమ్మతుదారు అడిగారు.