డూమ్ సోర్స్ కోడ్ కంపైల్ కావట్లేదా? మొదటి ఎర్రర్ దగ్గర ఆగండి

నమస్కారం అండి. "పాత గేమ్ సోర్స్ కోడ్ డౌన్‌లోడ్ చేశాను, మేక్ (కోడ్‌ని కంపైల్ చేయించే కమాండ్) కొడితే స్క్రీన్ నిండా ఎర్రర్లు, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని చాలామంది స్టూడెంట్స్ అడుగుతుంటారు. ఈ వీడియోలో డూమ్ గేమ్‌నే తీసుకుని చూద్దాం.

డూమ్ 1993లో వచ్చింది. 1997 డిసెంబర్‌లో దాన్ని తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ దాని సోర్స్ కోడ్ బయటపెట్టింది. 1999లో జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కిందకి తెచ్చింది. అయితే మనకి ఇచ్చింది డాస్ (అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్) కోడ్ కాదు, లైనక్స్ కోడ్. డాస్ వెర్షన్‌లో వాడిన సౌండ్ లైబ్రరీ వేరేవాళ్లది కాబట్టి దాన్ని పంచిపెట్టే హక్కు వీళ్లకి లేదు. అంటే మన చేతిలో ఉన్నది అప్పటి 32 బిట్ లైనక్స్ మీద నడిచిన కోడ్. కాబట్టి అందులో తప్పు ఎక్కడుందా అని కాకుండా, అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందా అని వెతకండి. పని సగం తేలికవుతుంది.

ముందు ఒక అలవాటు చేసుకోండి. టెర్మినల్‌లో ఆఖరున కనిపించే ఎర్రర్‌ని చూసి కంగారు పడొద్దు. అవుట్‌పుట్ మొత్తాన్ని ఒక ఫైల్‌లోకి పంపి పైనుంచి చదవండి. మేక్‌కి మైనస్ జె (ఒకేసారి ఎన్నో ఫైళ్లు కంపైల్ చేయించే ఆప్షన్) ఇచ్చి ఉంటే తీసేయండి, లేకపోతే నాలుగు ఫైళ్ల ఎర్రర్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మొదటి ఎర్రర్ సరిచేసి మళ్లీ మేక్ కొట్టండి. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఒక్క హెడర్ (వేరే ఫైళ్లు కలుపుకునే డిక్లరేషన్ల ఫైల్) దొరక్కపోతే కింద యాభై ఎర్రర్లు పుడతాయి. ఆ యాభైతో మనకి పని లేదు.

ఇక డూమ్ సంగతి. మొదట లైనక్స్ అనే ఫోల్డర్ లేదని ఆగుతుంది. ఆబ్జెక్ట్ ఫైళ్లు అందులో పెట్టమని మేక్‌ఫైల్ చెబుతుంది, కానీ గిట్ (కోడ్ భద్రపరిచే టూల్) ఖాళీ ఫోల్డర్లని ఉంచుకోదు. మీరే ఆ ఫోల్డర్ చేసుకోండి. తర్వాత ఐ వీడియో ఫైల్‌లో 'ఎర్నోస్ డాట్ హెచ్' దొరకలేదంటుంది. ఆ పేరుతో హెడర్ ఇప్పటి లైనక్స్‌లో లేదు. చివరి ఎస్ తీసేసి 'ఎర్నో డాట్ హెచ్' చేస్తే చాలు. ఎక్స్ లెవెన్ (లైనక్స్‌లో విండోలు చూపించే సిస్టమ్) హెడర్లు లేవంటే, ఉబుంటు, డెబియన్ వాడేవాళ్లు లిబ్ ఎక్స్ లెవెన్, లిబ్ ఎక్స్ ఎక్స్ట్ ప్యాకేజీల డెవ్ రకాన్ని వేసుకోవాలి. మామూలు ప్యాకేజీ గేమ్ ఆడటానికి సరిపోతుంది, కంపైల్ చేయడానికి కాదు.

అసలు విషయం ఎమ్ మిస్క్ ఫైల్ దగ్గర మొదలవుతుంది. సెట్టింగ్స్ పట్టికలో 'ఎస్ఎన్‌డీ సర్వర్' అనే స్ట్రింగ్ అడ్రస్‌ని ఇంట్ అనే పూర్ణసంఖ్య టైప్‌లోకి నెట్టేశారు. 32 బిట్ మెషీన్‌లో ఇంట్ 4 బైట్లు, అడ్రస్ కూడా 4 బైట్లే, సరిగ్గా పట్టేది. ఇప్పుడు అడ్రస్ 8 బైట్లు. కంపైలర్ ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. ఇంట్ బదులు అడ్రస్ పట్టే టైప్ పెడితే ఆ ఎర్రర్ పోతుంది.

బిల్డ్ అయిపోయిందని సంతోషపడేలోపు ఇంకో సమస్య వస్తుంది. గేమ్ మొదలై, టెర్మినల్‌లో 'ఆర్ ఇనిట్' అని ప్రింట్ చేసి సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (తనది కాని మెమరీని ముట్టుకున్నందుకు) పడిపోతుంది. ఆర్ డేటా ఫైల్ తెరవండి. టెక్స్చర్ల (గోడల మీది బొమ్మల) పాయింటర్ల (అడ్రస్ దాచుకునే వేరియబుల్స్) కోసం మెమరీ అడిగేచోట 'నమ్ టెక్స్చర్స్ ఇంటూ 4' అని ఉంటుంది. ఆ 4 అంటే పాయింటర్ సైజు. కావలసిన దాంట్లో సగం మెమరీయే తీసుకుని, దాటి రాసేస్తోంది. అక్కడ 4 బదులు, టైప్ సైజుని కంపైలర్‌తోనే లెక్కించే సైజాఫ్ వాడాలి. అదే ఫైల్‌లో మ్యాప్ టెక్స్చర్ స్ట్రక్చర్ చూడండి. 'కాలమ్ డైరెక్టరీ' అనే పాయింటర్ ఉంటుంది, పక్కనే అబ్సొలీట్ అని కామెంట్ కూడా ఉంటుంది. ఎవరూ వాడని ఆ ఫీల్డ్ 4 బైట్ల నుంచి 8కి పెరగడంతో, డేటా ఫైల్ నుంచి చదివే వాటిలో దాని తర్వాతవన్నీ జరిగిపోతాయి. దాన్ని ఇంట్ చేయండి. ఈ ఒక్క లైన్ అర్థమైన రోజున పాయింటర్లంటే భయం పోతుందని నా గట్టి నమ్మకం. అందుకే మైనస్ ఎమ్ 32 ఇచ్చి 32 బిట్‌గా కంపైల్ చేసే దగ్గరిదారి ఉన్నా, నేర్చుకునేవాళ్లకి నేను అది చెప్పను. గేమ్ ఆడితే చాలు అనుకునేవాళ్లు మాత్రం హాయిగా అలాగే చేసుకోవచ్చు.

డూమ్ కాకుండా వేరే పాత గేమ్ అయితే మీ కంపైలర్ వెర్షన్ కూడా చూడండి. 2020లో వచ్చిన జీసీసీ కంపైలర్ 10వ వెర్షన్ నుంచి, ఒకే గ్లోబల్ వేరియబుల్ రెండు ఫైళ్లలో ఉంటే లింకర్ 'మల్టిపుల్ డెఫినిషన్' అంటుంది. 2024లో వచ్చిన జీసీసీ 14 అయితే, ఇంతకుముందు వార్నింగ్‌తో వదిలేసిన కొన్నింటిని ఏకంగా ఎర్రర్లు చేసింది.

ఇప్పుడు గేమ్ నడపాలి. డేటా ఫైల్ కావాలి, ఉచితంగా పంచిన షేర్‌వేర్ వెర్షన్‌లోని డూమ్ 1 డాట్ వ్యాడ్ సరిపోతుంది. ఫైల్ పేరు మొత్తం చిన్న అక్షరాల్లోనే ఉండాలి. పెద్ద అక్షరాల్లో ఉంటే పక్కనే ఉన్నా లైనక్స్‌లో దొరకదు. ఫైల్ దొరికాక, 256 రంగుల స్క్రీన్ కావాలని ఆగుతుంది. మన డెస్క్‌టాప్ 24 బిట్లది. జెఫర్ (Xephyr) అనే ప్రోగ్రామ్‌తో 8 బిట్ల స్క్రీన్ ఒకటి విండోలో తెరిచి, డిస్‌ప్లే అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని దానికి తిప్పి నడపండి. టైటిల్ స్క్రీన్ వస్తుంది.