మూడ్ మారితే పూల చుక్కలా?

శ్రోతలకు నమస్కారం.

హోమియో మందుల షాపుకి వెళ్లే అలవాటున్నవాళ్లు చూసే ఉంటారు, గోధుమరంగు సీసాలు బారులు తీరిన బీరువాలో ఒక అర విడిగా ఉంటుంది. దాంట్లో సీసాల మీద అన్నీ చెట్ల పేర్లు, పువ్వుల పేర్లు. ఆస్పెన్, హోలీ, వాల్‌నట్, మస్టర్డ్, స్క్లెరాంథస్. వీటిని బ్యాచ్ ఫ్లవర్ రెమెడీస్ అంటారు. జ్వరానికో దగ్గుకో ఇచ్చేవి కావివి. భయం, దిగులు, అసూయ, చిరాకు, ఇలా మనసుకు సంబంధించిన బాధలకే ఇస్తారు. "మూడ్ మాటిమాటికీ మారిపోతోందండీ" అంటూ వచ్చేవాళ్లకి ఎక్కువగా ఈ అరలోంచే మందు తీస్తారు.

ఒకసారి అలాంటి షాపులో నా వంతు కోసం నిలబడి ఉంటే ముందున్నావిడ తన గోడు చెప్పుకుంటోంది.

"పొద్దున లేచేసరికి బాగానే ఉంటానండీ. పదింటికల్లా ఎవరేమన్నా కళ్లనీళ్లే. మళ్లీ సాయంత్రానికి పాటలు పాడుకుంటూ తిరుగుతాను. ఇంట్లోవాళ్లకి నాతో మాట్లాడాలంటేనే టెన్షన్."

కౌంటర్లో పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నారు. "ఏడుపు దానంతటదే వస్తుందామ్మా, ఎవరైనా ఏదైనా అంటేనే వస్తుందా?"

"దానంతటదే కూడా వస్తుందండీ."

"చిన్న విషయం తేల్చుకోడానికి కూడా అటా ఇటా అనిపిస్తుందా? చీర కొనడానికి వెళ్తే ఎలా ఉంటుంది?"

"రెండు తెచ్చుకుని, ఒకటి తిరిగిచ్చేస్తానండీ. ఇచ్చొచ్చాక అదే బాగుందనిపిస్తుంది."

ఆయన నవ్వి స్క్లెరాంథస్ సీసా దించారు. చిన్న ప్లాస్టిక్ డబ్బా నిండా తెల్లటి పంచదార మాత్రలు పోసి, వాటి మీద నాలుగైదు చుక్కలు వేసి, మూత బిగించి అరచేతిలో టపటపా కొట్టి ఇచ్చారు. మొదటి నుంచి చివరిదాకా ఓ పావుగంట పట్టింది. ఆవిడ వెళ్లేటప్పుడు మొహం తేటపడి ఉంది. మందింకా నోట్లో వేసుకోనేలేదు. మళ్లీ ఆ పావుగంట దగ్గరికే వద్దాం. ముందు ఈ పూల సంగతి చూద్దాం.

ఈ మందులకి ఆ పేరు రావడానికి కారణమైన ఎడ్వర్డ్ బ్యాచ్ 1886లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర మోస్లీలో పుట్టాడు. లండన్‌లో వైద్యం చదివాడు, బాక్టీరియా మీద పరిశోధన చేశాడు, తర్వాత హోమియో ఆసుపత్రిలో పనిచేశాడు. అంటే ఆకులూ అలములూ తప్ప ఏమీ తెలియని నాటు వైద్యుడు కాదు, మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషే. కానీ ఒకే జబ్బుకి ఒక్కో రోగి ఒక్కోలా స్పందించడం చూసి, అసలు చూడాల్సింది జబ్బుని కాదు, మనిషి స్వభావాన్ని అని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. 1930లో లండన్ ప్రాక్టీసు వదిలేసి పల్లెలు పట్టాడు. 1936లో చనిపోయేనాటికి మొత్తం 38 మందులు తయారుచేశాడు. ఆ 38లో ఒకటి పువ్వే కాదు, ఊటనీళ్లు. రాక్ వాటర్ అని పేరు పెట్టాడు.

మొట్టమొదట 1928లో తీసుకున్న పూలలో ఇంపేషియన్స్ ఒకటి. దాని పుట్టిల్లు ఇంగ్లండు కాదు, మన హిమాలయాలు. 1839లో తోటల్లో అందం కోసం బ్రిటన్ పట్టుకెళ్లారు. మన పెరళ్లలో పెంచే బాల్సం పూల మొక్కకి దగ్గర చుట్టం. కాయ ముదిరాక ముట్టుకుంటే చాలు, పటుక్కున పేలి గింజలు అల్లంత దూరం చిమ్ముతుంది. అలా చిమ్మీ చిమ్మీ బ్రిటన్ నదుల ఒడ్లన్నీ ఆక్రమించేసింది. ఇప్పుడు అక్కడివాళ్లు గుంపులుగా వెళ్లి పీకిపారేస్తున్నారు. ఏ పనికీ ఆగలేని, ఊరికే తొందరపడిపోయే మనుషులకి బ్యాచ్ ఈ పువ్వునే ఎంచాడు. ఆ ఎంపిక చూస్తే ఆయన ఆలోచన ఎటు నడిచిందో తెలుస్తుంది. మొక్క నడవడికీ మనిషి నడవడికీ పోలిక వెతకడం. వినడానికి ముచ్చటగా ఉంటుంది. అదొక్కటే రుజువు కాదుగదా.

ఇక స్క్లెరాంథస్. పొలాల్లో నేలకి అంటుకుని అల్లిబిల్లిగా పెరిగే కలుపు మొక్క. పువ్వు అంటారు గానీ రేకలే ఉండవు, ఆకుపచ్చగా ఉంటుంది, వంగి చూస్తే తప్ప కనపడదు. రెండింటి మధ్య తేల్చుకోలేక లోలోపల నలిగే మనుషులకని బ్యాచ్ చెప్పిన మందు ఇది. ఆ ఊగిసలాటే మూడ్‌కి కూడా వర్తిస్తుందని వాడకంలో స్థిరపడింది. అందుకే షాపు పెద్దాయన చీరల గురించి అడిగింది. కారణమేమీ లేకుండా మబ్బు కమ్మినట్టు దిగులు దిగితే మస్టర్డ్ అంటారు. అదీ మన పోపుల డబ్బాలో ఆవాలు కాదు, దాని అడవి రకం. ఎక్కడ చెయ్యి జారిపోతానో, ఏం చేసేస్తానో అని తన మీద తనకే భయం వేస్తే చెర్రీ ప్లమ్. పెద్దమనిషి అయ్యే వయసు, కాన్పు, నెలసరి ఆగిపోయే వయసు లాంటి మార్పుల్లో వాల్‌నట్, అంటే అక్రోటు. ఐదు పూలు కలిపిన రెస్క్యూ రెమెడీ అయితే పరీక్షల సీజన్లో పిల్లల బ్యాగుల్లో కూడా కనపడుతుంది.

తయారీకి రెండు పద్ధతులున్నాయి. సున్నితమైన పూలని గాజు గిన్నెలో ఊటనీళ్ల మీద తేలేసి, మబ్బు లేని రోజున మూడు గంటలు ఎండలో ఉంచుతారు. చెట్లవీ, కొమ్మలతో కోసేవీ అయితే చాలావరకు అరగంట మరిగిస్తారు. ఆ నీళ్లు వడకట్టి సమానంగా బ్రాందీ కలుపుతారు. అది మూలద్రవం. దాంట్లోంచి రెండు చుక్కలు 30 మిల్లీలీటర్ల బ్రాందీలో వేస్తే షాపులో దొరికే సీసా తయారవుతుంది. దాన్నుంచి మళ్లీ రెండు చుక్కలు 30 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, పూటకి నాలుగు చుక్కల చొప్పున రోజుకి నాలుగుసార్లు వేసుకోమంటారు. లెక్క కడితే మనం నాలుక మీద వేసుకునేది ఆ మొదటి పూలనీటిలో లక్షో వంతు కన్నా పలచన. అరచేతిలో కొట్టడం హోమియో అలవాటు. బ్యాచ్ పద్ధతిలో అది లేదు. మన దగ్గర రెండూ ఒకే బీరువాలో ఉండబట్టి ఒకటే అనుకుంటాం.

మరి పనిచేస్తాయా? ఈ ప్రశ్నకి డొంకతిరుగుడు జవాబు చెప్పను. పూల చుక్కలనీ, చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తి చుక్కలనీ ఎవరికేది ఇచ్చారో తెలియకుండా ఇచ్చి పోల్చిన ప్రయోగాలు జరిగాయి. ఎక్కువ భాగం పరీక్షల టెన్షన్ మీద, పిల్లల్లో ఏకాగ్రత లోపం మీద చేసినవి. ఎడ్జార్డ్ ఎర్నస్ట్ అనే పరిశోధకుడు పూల మందుల మీద జరిగిన ప్రయోగాలు ఏడు తీసుకుని 2010లో సమీక్షించాడు. నమ్మదగిన ప్రయోగాల్లో వేటిలోనూ పూల చుక్కలకీ ఉత్తి చుక్కలకీ తేడా కనపడలేదు. అలాగని ఎవరికీ తగ్గలేదని కాదు. 2001లో వచ్చిన ఒక ప్రయోగంలో రెండు జట్లలోనూ టెన్షన్ తగ్గింది. పువ్వు తగిలినవాళ్లకీ, తగలనివాళ్లకీ.

ఎందుకు తగ్గినట్టు? ఒక కారణం మామూలుదే. మనం మందు కోసం బయల్దేరేది మరీ భరించలేని రోజున. మూడ్ అనేది ఎలాగూ పడి లేచేదే కాబట్టి, ఆ రోజు తర్వాత వచ్చేది కాస్త మెరుగైన రోజే అవుతుంది. పేరు మందుకి పోతుంది.

రెండోది ఆ పావుగంట. 2008లో అమెరికాలో పేగుల సమస్య ఉన్న 262 మందితో ఒక ప్రయోగం చేశారు. కొందరిని ఊరికే వెయిటింగ్ లిస్టులో ఉంచారు. కొందరికి చర్మంలోకి దిగని ఉత్తుత్తి సూదులతో ఆక్యుపంక్చర్ చేశారు, మాటలు మాత్రం అంతంత మాత్రం. మూడో జట్టుకి అవే ఉత్తుత్తి సూదులు, కానీ మొదటి రోజు ముప్పావుగంట కూర్చుని, నెమ్మదిగా అన్నీ అడిగి, ఓపిగ్గా విన్నారు. మూడు వారాల తర్వాత తగినంత ఉపశమనం ఉందన్నవాళ్లు మొదటి జట్టులో 28 శాతం, రెండో జట్టులో 44, మూడో జట్టులో 62. సూదుల్లో తేడా లేదు, వినడంలోనే ఉంది. మన ప్రభుత్వాసుపత్రి ఓపీ క్యూలో డాక్టరు గారు తల ఎత్తేలోపే మన వంతు అయిపోతుంది. ఆ లోటు షాపు పెద్దాయన తీరుస్తున్నారంటే తప్పు ఆయనదేమీ కాదు.

మూడోది, నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది, ఆ ప్రశ్నలు. మామూలుగా మనం "మూడ్ బాగాలేదు" అని ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. పూల మందు ఎంచాలంటే ఆ మాట చాలదు. కోపమా, భయమా, దిగులా, అలసటా? దేని మీద భయం? ఎప్పుడు మొదలైంది? ముప్పై ఎనిమిదిలోంచి ఒకటి తేల్చాలంటే మనిషి తన లోపలికి తొంగి చూసుకోక తప్పదు. అలా చూసుకోవడంలో బలం ఉంది. 2007లో లాస్ ఏంజెలెస్‌లో చేసిన ఒక పరిశోధనలో, కోపంగా ఉన్న మొహాల ఫొటోలు చూపించి, ఆ భావం ఏమిటో మాటల్లో గుర్తించమన్నారు. అలా గుర్తించినప్పుడు మెదడులో భయాందోళనలకి స్పందించే భాగం నెమ్మదించడం స్కానింగ్‌లో కనపడింది. బ్యాచ్ పూల కోసం కష్టపడి తిరిగాడు గానీ, ఆయన వదిలి వెళ్లినవాటిలో పనికొచ్చేది ఆ ప్రశ్నల పట్టికేనని నా అభిప్రాయం. దానికి బ్రాందీ అక్కర్లేదు.

బ్రాందీ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. చుక్కల్లో ఉండేది కొంచెమే. కానీ తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ లాంటి మాత్రలు వేసుకుంటున్నవాళ్లు ఆ కొంచెం కూడా ముట్టుకోకూడదు. గర్భిణులు, చిన్నపిల్లలు కూడా సీసా చుక్కలకి దూరంగా ఉండడం మేలు. మిగతావాళ్లకి ఈ మందుల వల్ల ఒంటికి పెద్దగా వచ్చే హాని లేదు. ఇష్టపడి వాడుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆలస్యంతోనే. చుక్కలు వేసుకుంటూ నెలలు గడిపేస్తే, లోపల ఉన్న అసలు కారణం బయటపడదు.

అసలు కారణాలు చాలా మామూలువి కావచ్చు. థైరాయిడ్ అటూ ఇటూ అయితే మనసు నిలకడగా ఉండదు. నిద్ర తక్కువైతే అంతే. కొన్ని మందుల వల్ల, ముఖ్యంగా స్టెరాయిడ్ల వల్ల, మూడ్ తారుమారవుతుంది. ఆడవాళ్లలో నెలసరికి వారం పది రోజుల ముందు చిరాకు, ఏడుపు ముంచుకొచ్చి, నెలసరి మొదలైన కొన్ని రోజులకే తేలికపడిపోతే, దానికి వేరే పేరుంది, వేరే వైద్యం ఉంది. కాన్పయిన మొదటి రోజుల్లో కన్నీళ్లు రావడం చాలామందికి జరిగేదే. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే "బాలింత కదా, సర్దుకుంటుందిలే" అనుకోకూడదు.

ఇంకొకటి ఉంది, దాని విషయంలో చుక్కలతో ఆటలాడకూడదు. మనిషి కొన్ని రోజులపాటు రాత్రి రెండు మూడు గంటలే పడుకుని కూడా మహా హుషారుగా తిరగడం, ఆగకుండా మాట్లాడడం, ఉన్నట్టుండి అప్పులు చేసి ఖర్చుపెట్టడం, తర్వాత వారాల తరబడి మంచం దిగకపోవడం. ఇది బైపోలార్ కావచ్చు. ఒకే రోజులో పదిసార్లు మారే మూడ్ చాలావరకు ఇది కాదు. ఇది రోజుల లెక్కన, వారాల లెక్కన నడుస్తుంది. దీనికి లిథియం లాంటి మంచి మందులున్నాయి, రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాలి. పూల మందు మొదలుపెట్టాం కదా అని వాటిని ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. బతకాలని లేదన్న మాట ఇంట్లో ఎవరి నోటి నుంచి వచ్చినా, తమాషాగా అన్నా సరే, 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత సేవ. తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు.

మూడ్ ఊగిసలాట అంత తీవ్రంగా లేనివాళ్లు ఒక పని చేయవచ్చు. పాత నోటుపుస్తకం ఒకటి తీసుకుని, రోజూ పడుకోబోయే ముందు రెండు లైన్లు రాయండి. ఈరోజు ఏ భావం ఎక్కువగా ఉంది, ఏ పూట ఉంది, ముందురోజు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాను. ఆడవాళ్లయితే నెలసరి తేదీ కూడా. "చిరాకు" అని రాసి వదిలేయకండి, ఎవరి మీద, దేని మీద అని రాయండి. పూల చుక్కలు వాడుతుంటే అదీ రాయండి, ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు మరిచిపోయారో. మరిచిపోయిన రోజులు ఎలా గడిచాయో చూసుకుంటే చుక్కల సంగతి మీకే తెలిసిపోతుంది. రెండు నెలలు రాశాక ఆ పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. డాక్టరు గారికి సమయం లేకపోయినా, మీరు నోరు తెరిచి చెప్పలేకపోయినా, కావలసినవి చాలావరకు అందులోనే ఉంటాయి. థైరాయిడ్ పరీక్ష రాస్తారు బహుశా. అది చేయించుకోండి. సెలవు, నమస్కారం.