గంటకోసారి మిమ్మల్ని బయటికి తోసేది గూగుల్ కాదు!

ఒక్క మాట ముందే చెప్పేస్తున్నా, రాసి పెట్టుకోండి. గూగుల్ మిమ్మల్ని లాగౌట్ చేయట్లేదు. మీరు వాడుతున్న ఆ వెబ్‌సైటే చేస్తోంది!

"గూగుల్‌తో సైన్ ఇన్ అయితే గంటకోసారి మళ్లీ లాగిన్ అడుగుతోంది" అని జనం గూగుల్‌ని తిట్టిపోస్తున్నారు కదా. సైట్లవాళ్లేమో "మా చేతుల్లో ఏం లేదండీ, సమస్య అటువైపు" అంటున్నారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతోంది నాకు.

మొన్న మా చెల్లి అప్లికేషన్ నింపుతున్నా. ఆఖరి రోజు, రాత్రి పదకొండు దాటింది. ఫొటో, సంతకం వాళ్లు అడిగిన సైజుకి తగ్గించేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. అమ్మ బీరువాలోంచి సర్టిఫికెట్ వెతికి తెచ్చింది. సబ్మిట్ నొక్కితే మళ్లీ సైన్ ఇన్ పేజీ! నింపిందంతా పోయింది. చెల్లి ఏడుపు మొహం పెట్టింది. మళ్లీ మొదటి నుంచి కొట్టి, 11:56కి పంపాం.

తర్వాత బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ (సైటు లోపల ఏం జరుగుతోందో చూపించేవి) తెరిచి చూశా. గూగుల్ పంపిన జవాబులో, యాక్సెస్ టోకెన్ (మన గూగుల్ సమాచారం చూడటానికి సైటుకిచ్చే తాత్కాలిక పాస్ లాంటిది) పక్కనే గడువు ఉంది: 3599. సెకన్లు. అంటే గంట. ఆ సైటు ఆ టోకెన్‌నే తన లాగిన్‌గా వాడేసుకుంటోంది. దాని గడువు అయిపోగానే మనం బయట!

తిరుపతిలో లాడ్జికి వెళ్తాం. కౌంటర్‌లో ఆధార్ చూసి తాళం ఇస్తారు. దర్శనం చేసుకుని వచ్చాక గది తలుపు దగ్గర మళ్లీ ఆధార్ అడుగుతారా? అడిగితే మనం ఊరుకుంటామా? గూగుల్ పని ఆ ఆధార్ వరకే. తాళం ఇవ్వాల్సింది సైటు. దాని సొంత సెషన్ కుకీయే, అంటే మనం లాగిన్ అయ్యామని గుర్తుగా సైటు మన బ్రౌజర్‌లో పెట్టే చిన్న చీటీయే ఆ తాళం. రెండు వారాలు పెట్టుకో, నెల పెట్టుకో, నీ ఇష్టం. క్రోమ్ అయితే 400 రోజుల దాకా ఒప్పుకుంటుంది!

మరి గంటే ఎందుకు? నా లెక్క ఒకటే. ట్యుటోరియల్లో "లాగిన్ సక్సెస్" కనిపించగానే వీడియో ఆపేసి, ఆ కోడ్ అలాగే ఎక్కించేశారు. టెస్టింగ్‌లో గంట దాటేదాకా ఎవరు కూర్చుంటారు? ఎవరూ కూర్చోరు. అందుకే వాళ్లకి కనపడదు, మనకి కనపడుతుంది. మీ గూగుల్ క్యాలెండర్‌ని, డ్రైవ్‌ని మీరు లేనప్పుడు కూడా చూడాల్సిన సైట్లకి రిఫ్రెష్ టోకెన్ కూడా ఉంది, గడువు అయిపోతే దాంతో కొత్త యాక్సెస్ టోకెన్ తెచ్చుకోవచ్చు. "ఆఫ్‌లైన్ యాక్సెస్" (అంటే మీరు లేనప్పుడు కూడా చూసే అనుమతి) కావాలని అడిగితేనే గూగుల్ ఇస్తుంది. వీళ్లు అడగరు!

"సేఫ్టీ కోసమండీ" అని ఇంకో మాట. 2018 సెప్టెంబర్ గుర్తుందా? ఫేస్‌బుక్ "వ్యూ యాజ్" (మన ప్రొఫైల్ వేరేవాళ్లకి ఎలా కనిపిస్తుందో చూపించే) ఫీచర్‌లో లోపం పట్టుకుని హ్యాకర్లు దాదాపు 3 కోట్ల మంది టోకెన్లు కొట్టేశారు. అప్పుడు ఫేస్‌బుక్ 9 కోట్ల మందిని లాగౌట్ చేసింది. దాన్ని సేఫ్టీ అంటారు, కారణం ఉంది. ఈ సైట్లవాళ్లేమో అలాంటి టోకెన్‌ని తెచ్చి బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లో (సైట్లు డేటా దాచుకునే చోట) పడేస్తున్నారు. పేజీలో నడిచే ఏ స్క్రిప్టయినా దాన్ని చదివేస్తుంది. అదే "హెచ్‌టీటీపీ ఓన్లీ" అనే సెట్టింగ్ పెట్టిన సొంత కుకీ అయితే స్క్రిప్టులకి చిక్కదు. గంటకోసారి తోసేసే సైటే తక్కువ సేఫ్!

ఈసారి బయటికి తోస్తే టైమ్ చూడండి. సరిగ్గా గంటయితే స్క్రీన్‌షాట్ తీసి ఆ సైటు సపోర్ట్‌కే పంపండి. "మీ సెషన్ కుకీ ఎక్కడ?" అని ఒక్క ప్రశ్న అడగండి.