10 కోళ్ల రెడీమేడ్ గూడు: అంతా మంచిగుంది, కోళ్లు వాలే కర్ర తప్ప | పూర్తి రివ్యూ

నమస్తే అన్నలు, అక్కలు. ఇగో ఈ గూడు రివ్యూ కోసమని కంపెనీ వాళ్లు ఫ్రీగ పంపిన్రు. పైసలేం తీసుకోలె, ఈ వీడియో వాళ్లకు ముందుగాల చూపియ్యలె. కొలతలు, రేటు, రంగులు వాళ్ల పేజీలనే ఉన్నయి, మీరు చూసే ఉంటరు. నేను చెప్పేది ఒక్కటే: పొద్దుమూకినంక కోడి యాడ వాలుతది, యాడ పడుకుంటది. ఈ గూడు గాడనే తప్పింది.

లోపలికి రాండ్రి. ఇగో, ఇది కోళ్లు వాలేతందుకు పెట్టిన కర్ర. కర్ర గాదు, ఒక ఇంచు ప్లాస్టిక్ పైపు. నున్నగ జారుతది. కోడి రాత్రంత దీన్ని గోర్లతోని గట్టిగ పట్టుకోని కూసోవాలె. సన్నగున్నది గాబట్టి బరువంత రొమ్ము ఎముక మీద ఒక్క గీత లెక్క పడ్తది, నెలలు గడిస్తె ఆ ఎముక వంకర తిరుగుతది. పెట్టను ఎత్తుకోని రొమ్ము కింద వేలితోని తడిమితె తెలుస్తది, ఎముక సక్కగ ఉన్నదా, వంగిందా అని.

కర్ర ఎట్లుండాలె? 3 ఇంచుల వెడల్పు, 2 ఇంచుల మందం కట్టె. వెడల్పు దిక్కు పైకి. అంచులకు రంద పట్టించి గుండ్రంగ చెయ్యమని వడ్లాయనకు చెప్పుండ్రి. యాప కట్టె అయినా సరే, టేకు ముక్క అయినా సరే. వార్నిష్ ఎయ్యొద్దు, జారుతది. వెదురు బొంగు చవక అని మస్తుమంది పెడ్తరు. పెట్టుండ్రి గని చివర్లు మూయకపోతె ఆ బొక్కలల్ల పేన్లు కాపురం పెడ్తయి.

ఇగ ఎత్తు. టేపు చూడుండ్రి: పైపు నేల నుంచి 12 ఇంచులు, గుడ్ల పెట్టె అడుగు 14 ఇంచులు. పెట్టె పైన ఉన్నది, కర్ర కింద ఉన్నది! కోడి అడవి జాతి పక్షి, గూట్ల అన్నిటికంటె ఎత్తు యాడుంటె రాత్రికి గాడికే ఎక్కుతది. ఈ గూట్ల అన్ని పెట్టలు గుడ్ల పెట్టెలల్లనే పండుకుంటయి. రోజు మొత్తంల కోడి ఏసే రెట్టల సగం దాకా రాత్రే పడ్తది. అది పెట్టెల నిండుతది, తెల్లారి గుడ్డు దాన్లనే పడ్తది. గుడ్లు మురికైతున్నయని పొద్దున్నే నీళ్లతోని కడిగే అక్కలు గుడ్లను గాదు, కర్ర ఎత్తును సూడాలె.

మార్చుడు కష్టం గాదు. కర్రను 24 ఇంచులకు లేపుండ్రి. మేకులు కొట్టొద్దు, రెండు దిక్కుల యూ ఆకారం పట్టీ బిగించి, కర్ర పైకి ఎత్తంగనే వచ్చేటట్టు పెట్టుండ్రి. ఎందుకో తర్వాత చెప్తా. ఇగ గోడ సంగతి: కర్ర గోడకు ఇప్పుడు 4 ఇంచుల దూరంలనే ఉన్నది, తోక గోడకు రాసుకోని ఈకలు ఇరుగుతయి. 12 ఇంచులు దూరం జరపాలె. ఈ గూడు 4 అడుగుల పొడుగు, 3 అడుగుల లోతు. అంటె మొదటి కర్రకు ఇంకో 12 ఇంచులు ఇడిసిపెట్టి రెండో కర్ర కూడ వస్తది. రెండూ ఒకే ఎత్తుల ఉండాలె. మెట్ల లెక్క పెడ్తె పై కర్ర కోసం రోజూ కొట్లాటే.

లెక్క చూద్దాం. ఒక్క కోడికి 8 ఇంచులు, వనరాజ అసొంటి బరువు జాతికి 10. వాళ్లిచ్చిన ఒక్క పైపు 48 ఇంచులు, అంటె ఆరు కోళ్లు. డబ్బా మీద 10 అని రాసిన్రు. మిగిలిన నాలుగు యాడ పండుకోవాలె? ఇది నాకు కోపం తెప్పిచ్చింది.

వనరాజ అంటె గుర్తొచ్చింది. రాజేంద్రనగర్‌ల కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వాళ్లు తెచ్చిన జాతి ఇది, మన దిక్కు పెరళ్లల్ల బాగ కనవడ్తది. బరువు కోడి 24 ఇంచుల నుంచి గట్టి నేల మీదికి దుంకితె పాదం కింద దెబ్బ తగిలి గడ్డ కడ్తది, నల్లటి చెక్కు కనవడ్తది. దానికి 12 ఇంచుల కాడ ఒక మెట్టు చెక్క, కింద 3 ఇంచుల ఊక. గ్రామప్రియ, నాటు పెట్ట తేలిక, వాటికి మెట్టు లేకున్నా నడుస్తది.

పట్టీ కర్ర ఎందుకన్ననంటె, ఎర్ర పేన్లు. పగలు కోడి మీద ఒక్కటి కనవడదు. కర్ర చివర్ల, సందులల్ల దాక్కోని రాత్రి వచ్చి నెత్తురు తాగుతయి. తురాయి తెల్లబడ్తది, గుడ్లు తగ్గుతయి, మనం దాణా మార్చుకుంట కూసుంటం. చీకటి పడినంక తెల్ల గుడ్డ తీసుకోని కర్ర అడుగున రుద్దుండ్రి. ఎర్ర మరకలు అంటితె పేన్లు ఉన్నట్టే. పొద్దున కర్ర తీసి మసలే నీళ్లు పోసి, ఎండల పెట్టి, చివర్లకు, పట్టీలకు యాప నూనె పూయాలె. పేన్ల గుడ్లు మిగిలి మళ్లీ పిల్లలైతయి గాబట్టి వారానికి ఇంకోసారి చెయ్యాలె.

గాలి గురించి. ఈ గూటికి రెండు చిన్న బొక్కలే ఉన్నయి. ఇది చలి దేశం నమూనా, మన కాడ మే నెలల 44 డిగ్రీలు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి ఎగపోసుడే దాని తరీక. రెండు పొడుగు దిక్కుల కప్పు కిందనే 6 ఇంచుల చెక్క కోసి అర ఇంచు వెల్డు జాలి కొట్టుండ్రి. గాలి కోడి తల మీది నుంచి పోవాలె, వానజల్లు కోడిని తాకొద్దు. కోళ్ల జాలి అని అమ్మే సన్నది వద్దు, కుక్క చింపుతది.

మెచ్చుకునేది ఉన్నది: రెట్ట పళ్లెం. పూర్తిగ బయటికి గుంజొచ్చు, సగం నిమిషంల గీకొచ్చు. ఆ పళ్లెంల ఊక పలుచగ పరిస్తె సాలు. వాసన వస్తుందని తడి రెట్ట మీద సున్నం, బూడిద చల్లకుండ్రి. దాంతోని అమ్మోనియా ఇంకా ఎక్కువ లేస్తది, కోళ్ల కండ్లు మండుతయి. గొళ్లెం గూడ గట్టిది, ముంగిసకు తియ్య రాదు.

నా మాట: ఉన్నది ఉన్నట్టు ఈ గూడు కొనకుండ్రి. కర్రలు, జాలి మార్చే ఓపిక ఉంటె, పగలు పెరట్ల ఇడిసిపెట్టేటోళ్లయితె, ఎనిమిది కోళ్లకు తీసుకోవచ్చు. పదికి వద్దు, ఎండకాలం అవి ఒకదానికొకటి ఆనుకోవు.

మార్చినంక కూడ మొదట్ల అవి పెట్టెలల్లకే పోతయి. సాయంత్రం పెట్టెలకు చెక్క అడ్డం పెట్టి, బాగ చీకటైనంక ఒక్కోదాన్ని ఎత్తి కర్ర మీద కూసోవెట్టుండ్రి, చీకట్ల దానికి కనవడదు, దిగదు. వారం రోజులు చేస్తె అలవాటైతది. అడ్డం చెక్క మాత్రం తెల్లారకముందే తియ్యాలె, పొద్దున్నే గుడ్డు పెట్టే పెట్టలుంటయి.