ఆరంగుళాల తెర మీద తెలుగు పుస్తకం: విదేశంలో ఉండి చదివేవాళ్లకు

నమస్కారమండీ. విదేశం వెళ్లేటప్పుడు తెలుగు పుస్తకాలు మోసుకెళ్లాలా, ఒక ఈ-రీడర్ కొనుక్కుంటే సరిపోతుందా? ఇంగ్లీషు పుస్తకాల వరకైతే ఆలోచించక్కర్లేదు, ఈ-రీడరే. చిక్కంతా తెలుగు దగ్గరే వస్తుంది, అందుకే ఇవాళ దాని గురించే చెప్పుకుందాం.

ముందు బరువు చూద్దాం. డెమీ సైజులో, అంటే మన నవలలు మామూలుగా వచ్చే సైజులో, 300 పేజీల నవల సుమారు 350 గ్రాములు. ఇరవై పెడితే ఏడు కిలోలు. అమెరికా వెళ్లే ఎకానమీ టికెట్ మీద ఒక్కో పెట్టెకు మామూలుగా ఇచ్చేది 23 కిలోలు. ఆవకాయ, పొడులు, బట్టలు, అన్నీ అందులోనే సర్దాలి. ఆరంగుళాల ఈ-రీడరేమో కవరుతో కలిపినా పావుకిలో చుట్టుపక్కలే. ఈ లెక్క చూసి చాలామంది చిన్న రీడరు కొంటారు, పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ఎక్కిస్తారు, రెండ్రోజులకే కళ్లు లాగుతున్నాయని పక్కన పెట్టేస్తారు. ఎందుకో కొలిచి చూడండి.

డెమీ పుస్తకంలో మార్జిన్లు తీసేస్తే అచ్చు ఉన్న భాగం సుమారు నాలుగుంపావు అంగుళాల వెడల్పు, ఏడంగుళాల ఎత్తు. ఆరంగుళాలన్నది మూల నుంచి మూలకి కొలత, ఆ తెర ఎత్తు 4.8 అంగుళాలే. పేజీ మొత్తం అందులో పట్టాలంటే 12 పాయింట్ల అక్షరం ఎనిమిదికి కుంగుతుంది. ఇంగ్లీషుకి ఎనిమిది ఎలాగో సరిపెట్టుకోవచ్చు. తెలుగుకి పైన గుడి, కింద వత్తు, పక్కన కొమ్ము ఉన్నాయి కదా, ఆ సైజులో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా కనపడదు. అదే 7.8 అంగుళాల తెరైతే అక్షరం పదిన్నర పాయింట్ల దగ్గర నిలబడుతుంది. 10.3 అంగుళాల తెర మీద అక్షరం అచ్చు పుస్తకంలో ఉన్నంత, ఇంకా కాస్త పెద్దగానే కనిపిస్తుంది. స్కాన్లే ఎక్కువ చదివేవాళ్లు ఆరంగుళాలది కొనకండి. ఇప్పటికే కొనేసి ఉంటే తెరను అడ్డంగా తిప్పండి. ఒక్కో పేజీకి మూడుసార్లు జరపాలి, కానీ అక్షరం నిండుగా ఉంటుంది.

ఇక ఫైలు సంగతి. ఏ తెలుగు పీడీఎఫ్ దొరికినా ముందు ఒక వాక్యం కాపీ చేసి నోట్స్‌లో పేస్ట్ చేయండి. అక్షరాలు అసలు సెలెక్టే కాకపోతే అది స్కాన్. తెలుగుకి బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా పడితే అది అను లాంటి పాత డీటీపీ ఫాంట్లలో కంపోజ్ చేసిన ఫైలు. తెలుగే పడితే యూనికోడ్, అంటే ఏ ఫోనైనా కంప్యూటరైనా తెలుగుగానే గుర్తుపట్టే అక్షరాలు. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే పని జరిగింది. అలాంటి పీడీఎఫ్‌ని క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈపబ్‌గా, అంటే తెరకు తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఈ-పుస్తకం ఫైలుగా, మారిస్తే చెత్త తప్ప ఏమీ రాదు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వాటితో మార్చినా వత్తులు తారుమారవుతాయి, అచ్చుతప్పులు దిద్దాల్సిందే. అంత ఓపిక లేకపోతే ఆ పీడీఎఫ్‌ని పీడీఎఫ్‌గానే పెద్ద తెర మీద చదవండి.

2016లో అమెజాన్ కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టింది. ఆ అయిదింటిలో తెలుగు లేదు. ఇంతమంది చదివే భాషకి ఇది చిన్న లోటు కాదు. కాబట్టి సొంతంగా ఎక్కించుకునే పద్ధతి తెలిసి ఉండాలి. తెలుగు వికీసోర్స్ అనే ఉచిత పుస్తకాల సైట్‌లో యూనికోడ్ చేసిన పుస్తకాలు ఈపబ్‌గా దిగుతాయి. మన దేశంలో రచయిత పోయిన అరవై ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది. 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన వీరేశలింగం రాసినవి అందరివీ.

ఈపబ్ దించగానే రీడర్‌లోకి తోసేయకండి. కంప్యూటర్లో మండలి ఫాంట్ ఇన్‌స్టాల్ చేయండి, ఉచితమే. క్యాలిబర్‌లో కన్వర్ట్ నొక్కి, లుక్ అండ్ ఫీల్‌లో ఫాంట్స్ దగ్గర ఎంబెడ్ ఫాంట్ ఫ్యామిలీకి మండలి ఎంచుకోండి. కింద సబ్‌సెట్ అనే గడిలో టిక్ పెట్టకండి. లైన్ స్పేసింగ్ బాగా పెంచండి, లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది. ఎలైన్‌మెంట్ ఎడమకి ఉంచండి. 'చెప్పుకోవాల్సివచ్చినప్పుడల్లా' లాంటి మాట సన్నటి తెర మీద వరస చివర పట్టక కిందికి దిగుతుంది. జస్టిఫై పెడితే పైన మిగిలిన రెండు మాటల మధ్య వేలు పట్టేంత ఖాళీ వస్తుంది.

తర్వాత ఒక్క పరీక్ష. 'స్త్రీ', 'రాష్ట్రం', 'జ్ఞానం', 'సంస్కృతి' అని నాలుగు మాటలు టైప్ చేసిన చిన్న ఫైలు పంపి చూడండి. స్త్రీలో తావత్తు కిందికి వెళ్లకుండా, సకారం నెత్తిన పొల్లుతో అక్షరాలు విడివిడిగా పడితే ఆ రీడర్‌కి తెలుగు కూర్చడం రాదని అర్థం. ఫాంట్ మార్చినా లాభం లేదు. కోబో లాంటి రీడర్లైతే కోరీడర్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఎక్కించి చూడండి. బూక్స్ లాంటి ఆండ్రాయిడ్ రీడర్లలో ఫోన్లో కనిపించినట్టే కనిపిస్తుంది. కొనకముందే ఈ నాలుగు మాటలూ షాపులో చూపించమని అడిగినా తప్పులేదు.

కిండిల్‌కి ఈమెయిల్లో పంపే ఫైలు 50 ఎంబీ దాటకూడదు. స్కాన్లు తరచూ దాటేస్తాయి. సెండ్ టు కిండిల్ వెబ్ పేజీ నుంచైతే 200 ఎంబీ దాకా వెళ్తుంది.

మరి పెట్టెలో ఏం పెట్టాలి? పద్యాలు ముందు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. చిన్న తెర మీద అక్షరం కాస్త పెంచితే పాదం రెండు ముక్కలై యతి కంటికి ఆనదు. సీస పద్యమైతే చెప్పనే అక్కర్లేదు. అచ్చులో పాదం పాదంలా నిలబడుతుంది. తర్వాత పిల్లల పుస్తకాలు, పెద్దక్షరాలవి, వేలు పెట్టి కూడబలుక్కోవడానికి. ఆ తర్వాత చిన్న ప్రచురణకర్తలు వేసిన కథల సంపుటాలు. అవి ఎక్కువగా డిజిటల్లో రావు, ముద్రణ అయిపోతే మళ్లీ దొరకవు. నిఘంటువు మోయకండి, ఆంధ్రభారతి సైట్‌లో ఉంది.

కొనేటప్పుడు కుట్టు బైండింగ్ దొరికితే అదే తీసుకోండి. చలికాలం హీటర్ నడిచే ఇళ్లలో గాలి ఎండిపోతుంది, జిగురు బైండింగ్ పెళుసెక్కి పుస్తకం నడుమ విరుగుతుంది. పెట్టెలో పుస్తకాలు అడుగున, చక్రాల వైపు, పడుకోబెట్టి సర్దండి. ఊరగాయ సీసా మాత్రం వేరే పెట్టెలో.