సంక్రాంతి సెలవు, 182 రోజుల లెక్క

శ్రోతలకు నమస్కారం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి విదేశీ పోస్టింగు మీద వెళ్ళేవాళ్ళు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనూ ఉన్నారు. వాళ్ళు తరచూ అనే మాట ఇది: "జీతానికి ఎలాగూ ఇక్కడే పన్ను పోతోంది, రెసిడెంటయితేనేం, నాన్‌రెసిడెంటయితేనేం?"

రెసిడెంటంటే పన్ను లెక్కలో ఇక్కడి నివాసి. ఆ మాట సగం నిజమే. భారత పౌరుడికి మన ప్రభుత్వం ఇచ్చే జీతం, పని ఏ దేశంలో చేసినా, ఇక్కడి ఆదాయమే. అక్కడ ఉన్నందుకు ప్రభుత్వం ఇచ్చే ఫారిన్ అలవెన్సుకు పన్ను లేదు. ఈ రెండూ స్టేటస్‌ని బట్టి మారవు. మారేది విదేశంలో వచ్చే మిగతా ఆదాయం సంగతి. అందుకే రోజులు లెక్కపెట్టాలి.

కావలి ఉద్యోగి ఒకాయనకు మస్కట్‌లోని మన రాయబార కార్యాలయంలో పోస్టింగు పడిందనుకోండి. 2024 సెప్టెంబరు 20న విమానం ఎక్కారు. పన్ను లెక్కలో ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి దాకా. ఆ ఏడాది ఆయన ఇక్కడున్న రోజులు: ఏప్రిల్‌లో 30, మేలో 31, జూన్‌లో 30, జూలైలో 31, ఆగస్టులో 31, వెరసి 153. సెప్టెంబరులో 20. మొత్తం 173. ఉద్యోగం కోసం దేశం విడిచే పౌరుడికి ఆ ఏడాది గీత 182 రోజులు. అది నిండితే రెసిడెంటు. ఈయనకు ఇంకా తొమ్మిది తక్కువ.

అంతలో సంక్రాంతి వచ్చింది. జనవరి 10న చెన్నైలో దిగారు. భోగి, పెద్ద పండగ, కనుమ అయ్యాయి. అత్తగారింట్లో రెండ్రోజులు ఉండమన్నారు, ఉన్నారు. 19న తిరుగు ప్రయాణం. వచ్చిన రోజు, పోయిన రోజు కలిపి పది. 173కు పది, 183. రెసిడెంటయిపోయారు! 17నే బయల్దేరి ఉంటే 181 దగ్గర ఆగేది. దిగిన రోజును లెక్కలో వెయ్యనక్కర్లేదని వాదించి గెలిచినవాళ్ళు లేకపోలేదు. కానీ అది తీసేసినా ఇక్కడ 182, సరిగ్గా గీత మీదే. వచ్చిన రోజు, పోయిన రోజు రెండూ వేసుకోవడమే క్షేమం.

రెసిడెంటయితే ఏమవుతుంది? అంతకుముందెన్నడూ దేశం దాటని మనిషి కనుక పూర్తి రెసిడెంటే. మస్కట్ బ్యాంకు డిపాజిట్ మీద వడ్డీ ఇక్కడి రిటర్నులోకి వస్తుంది. అక్కడి ఖాతాను రిటర్నులోని ఫారిన్ అసెట్స్ షెడ్యూల్లో, అంటే విదేశీ ఆస్తుల పట్టికలో, చూపించాలి. వడ్డీ మీద పన్ను కొద్దిదే, ఆ షెడ్యూలు వదిలేస్తేనే అసలు తలనొప్పి. కావలి ఇంటి అద్దెకూ, అల్లూరు రొయ్యల గుంట లీజుకూ మాత్రం ఏ స్టేటస్ అయినా ఇక్కడే పన్ను. అన్నట్టు రొయ్యల గుంట వ్యవసాయం కాదండీ, వరి పొలం కౌలుతో కలిపి చూపించకండి.

ఇంట్లోవాళ్ళ లెక్క ఎవరిది వాళ్ళదే. ఇది చాలామందికి తట్టదు. ఆయన 181 రోజులతో నాన్‌రెసిడెంటుగా బయటపడ్డారనుకుందాం. అవే తేదీల్లో ప్రయాణించిన భార్య ఉద్యోగం కోసం కాదు, ఆయన వెంట వెళ్ళారు. ఆమెకు 182 వెసులుబాటు లేదు. ఆ ఏడాది 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్ళలో 365 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంటే. జనవరిలో ఆమె అక్కడి బళ్ళో టీచరుగా చేరితే మార్చి దాకా వచ్చే ఆ జీతానికి ఇక్కడ పన్ను. పోస్టింగు ముగించుకుని వచ్చేసే ఏడాది ఆయనకూ ఈ 60 రోజుల లెక్కే వస్తుంది.

ఇంకొకటి. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటి, ఏ దేశంలోనూ నివాసిగా పన్ను పరిధిలోకి రాని పౌరుణ్ని, రోజులు నిండకపోయినా, చట్టం రెసిడెంటుగానే భావిస్తుంది. రాయబార ఉద్యోగికి ఇది తగలొచ్చు. కంగారేం లేదు, ఆ రెసిడెంటు ఇందాక చెప్పిన పూర్తి రెసిడెంటు కాడు, చట్టం మాటల్లో 'సాధారణ నివాసి' కాడు. అతని విదేశీ డిపాజిట్ వడ్డీ జోలికి పన్నువాళ్ళు రారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చినా 182 గీత అలాగే ఉంది.

ఇక చెయ్యాల్సిన పని. టికెట్టు తీసే ముందు క్యాలెండరు ముందేసుకుని రోజులు లెక్కపెట్టండి. పండక్కి రండి, తిరుగు టికెట్టు తేదీ ఒక్కటి చూసుకోండి. నాన్‌రెసిడెంటయితే ఐటీఆర్-1 అనే రిటర్ను ఫారం పనికిరాదు. జీతం, అద్దె, వడ్డీ మాత్రమే ఉన్నవాళ్ళు ఐటీఆర్-2 వెయ్యాలి. ప్రభుత్వ పని మీద ఇచ్చే తెల్ల పాస్‌పోర్టు పని అయ్యాక వెనక్కి అప్పజెప్పాల్సిందే. మీ రోజుల లెక్కకు రుజువైన ఇమిగ్రేషన్ ముద్రలన్నీ దాని మీదే ఉంటాయి. అప్పజెప్పే ముందు, ముద్రలున్న ప్రతి పేజీ జిరాక్స్ తీసి దగ్గర పెట్టుకోండి.